నోటినిండా నీళ్లు

అనసూయ కాళ్లకు కుదురు లేదు. వయసంతా ఆర్టీసీ బస్సులో కండక్టరుగా నిలబడి గడిపిన మనిషి, రిటైరయ్యాక కుర్చీలో కూర్చోమంటే ఎలా కూర్చుంటుంది? కుక్కర్ కూత వేస్తే చాలు, “రైట్ రైట్” అనబోయి నాలుక కరుచుకునేది. సర్దిన అల్మారానే మళ్లీ సర్దేది. కోడలు పళ్లు నూరుకునేది. చివరికి ఖిలా వరంగల్‌లోని ఒక సర్కారు బడికి వెళ్లి, జీతం గీతం ఏమీ వద్దు, ఒక పిల్లను అప్పగిస్తే చదువు చెప్తానని హెడ్మాస్టరమ్మ పద్మలతను అడిగింది.

పద్మలత మూడో తరగతి గుల్నాజ్‌ను అప్పగించింది. మాటల్లో గడుసు పిండం. మొదటి రోజే “అమ్మమ్మా” అని వరస కలిపేసింది. పుస్తకం తెరిస్తే మాత్రం మూగనోము. అక్షరాలు విడివిడిగా గుర్తుపడుతుంది, కలిపి చదవమంటే తెల్లమొహం వేస్తుంది.

రోజూ మధ్యాహ్నం అనసూయ ఆటో దిగి, బడి వరండాలో గుల్నాజ్‌ను పక్కన కూర్చోబెట్టుకునేది. కూర్చున్నా ఆవిడ కాలు ఊగుతూనే ఉండేది. పిల్ల వేలు పెట్టి “కుం... కుం...” అంటుంటే ఈవిడకు ప్రాణం మీదికొచ్చేది. “కుందేలు” అనేసేది. “కుందేలు” అనేది పిల్ల. అలా పేజీలకు పేజీలు హాయిగా నడిచిపోయాయి. భలే చదువుతోందని అనసూయ మురిసిపోయింది. కోడలి దగ్గర కోతలు కూడా కోసింది.

ఓ శుక్రవారం పద్మలత ఇద్దరినీ గదిలోకి పిలిచి, గుల్నాజ్ ముందు కొత్త పుస్తకం పెట్టింది. పిల్ల మొదటి మాట దగ్గరే ఆగిపోయి అనసూయ మూతి వైపు చూసింది. అనసూయ పెదవులు వాటంతటవే కదిలాయి.

“పిల్ల పుస్తకం చదువుతలేదు అనసూయమ్మా, మీ మూతి చదువుతాంది” అంది పద్మలత. “సోమవారం మళ్లొకసారి చూస్త. అప్పటికి సొంతంగ చదవకపోతే ఒకటో తరగతిల కూసోబెట్టుడే.”

ఒకటో తరగతిలో గుల్నాజ్ తమ్ముడున్నాడు. పిల్ల ముఖం చిన్నబోయింది.

“వాడు గల్లీల అందరికి చెప్తడు మేడం” అని గొణిగింది.

తిరుగు ఆటోలో అనసూయకు ఒళ్లు మండిపోయింది, అదీ తన మీదే. బస్సు పోచమ్మ మైదాన్ స్టేజీకి రాకముందే “పోచమ్మ మైదాన్” అని అరవడం ఆవిడ ఉద్యోగం. స్టేజీ వచ్చాక అరిస్తే దిగేవాళ్లు ఊరుకుంటారా? ఆ అలవాటే బడికీ మోసుకొచ్చింది. పిల్ల ఏ మాట దగ్గరికీ చేరకముందే ఆ మాట అరిచేసింది. ఇక నోరు మూసుకోవాలి, అంతే. ఆ నోరు వింటేగా? శనివారం పెదవులు బిగబట్టి చూసింది. రెండో మాటకే జారిపోయింది. ఆదివారమంతా ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది, అన్నం కూడా సయించలేదు.

సోమవారం పద్మలత గదిలోకి వెళ్లేముందు అనసూయ కుళాయి దగ్గర ఆగి, నోటినిండా నీళ్లు పట్టింది. గుల్నాజ్ వింతగా చూసింది. పద లోపలికి, అన్నట్టు అనసూయ చెయ్యి ఊపింది.

పద్మలత పుస్తకం తెరిచింది. పిల్ల అలవాటుగా పక్కకు తిరిగింది. ఉబ్బిన బుగ్గలు తప్ప అక్కడేమీ దొరకలేదు. మళ్లీ పుస్తకంలోకి చూసింది.

“పి...” అంది. ఆగింది.

బల్ల కింద అనసూయ కాలు దడదడలాడింది. మాట గొంతులోకి వచ్చి కూర్చుంది. ఒక్క మాటే కదా, అందిస్తే పోయేదేముంది? పోయేది పిల్లే, ఒకటో తరగతికి. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ నోట్లో నీళ్లు కదల్లేదు.

“పి... పిల్లి” అంది గుల్నాజ్. “మె... మెల్లగా... వంటింట్లోకి... వచ్చింది.”

పద్మలత నవ్వింది. “శాన మంచిగ చదివినవ్ బిడ్డా. అనసూయమ్మా, ఇగ మింగుండ్రి.”

గుల్నాజ్ పుస్తకంలోంచి తల ఎత్తకుండానే చెయ్యి చాచి అనసూయ మోకాలు పట్టుకుంది.

“అప్పుడే మింగకు అమ్మమ్మా, ఇంకో లైనున్నది.”