'ఆరా' ఎవరి మాట

మా బడి మొదటి అంతస్తు వరండాకు వారం రోజులుగా రంగులు వేస్తున్నారు. కిటికీ మూస్తే రంగు వాసన, తెరిస్తే నాచారం ఫ్యాక్టరీల వాసన. రెండూ పడక తలనొప్పితోనే పాఠాలు చెబుతున్నాను. సోమవారం పరిశీలకులు వస్తున్నారు. పిల్లల చేత పాఠం అప్పజెప్పించుకోవడం కాకుండా, వాళ్ల ప్రశ్నల నుంచే చదువు నడపాలనే అంతర్జాతీయ కార్యక్రమం ఒకటి మా బడిలో ఉంది. దాన్ని సరిగా నడుపుతున్నామో లేదో చూసి మళ్లీ అనుమతి ఇవ్వడానికి వాళ్లు వస్తారు. ఏళ్ల కింద మొదటిసారి వాళ్లు వచ్చినప్పుడు కూడా ఇదే వరండాకు ఇలాగే రంగు వేశారు. అందుకే ఈ వాసన తగలగానే నాకు అనసూయ మేడం గుర్తుకొస్తారు.

ఆమె విషయమై యాజమాన్యానికి మూడు ఉత్తరాలు రాశాను. మొదటిది అందలేదన్నారు. రెండోది నేనే తీసుకెళ్లి చేతికిచ్చాను. "చూద్దాం కోటేశ్వరరావు గారూ" అన్నారు. మూడోదానికి ఆ 'చూద్దాం' కూడా దక్కలేదు. నేను అడిగింది ఒక్కటే. ఈ కార్యక్రమాన్ని ఈ బడిలో నిలబెట్టిన మనిషిని, మొదటిసారి పరిశీలకులు రావడానికి నాలుగు రోజుల ముందు ఎందుకు పక్కన పెట్టారు? స్టాఫ్ రూములో నాకు 'ఫిర్యాదుల కోటేశ్వరరావు' అని పేరుంది. గుర్తింపు కార్డులో నా పేరు తప్పు పడితే దిద్దించుకోవడానికి ఏడాది తిరిగిన మాట నిజమే. నా కుర్చీ తీసుకెళ్లి రిసెప్షన్‌లో వేసిన రోజు కూడా నాకు బాగా గుర్తుంది. అనుకోనివ్వండి. ఇది నా కుర్చీ సంగతి కాదు.

ఇది చదివేవాళ్లలో చాలామంది ఆమెను చూడలేదు కాబట్టి చెబుతాను. అనసూయ మేడం నాలుగో తరగతి టీచరు. సొంతూరు జనగామ వైపు. ఉప్పల్‌లో అద్దె ఇంట్లో ఉండేవారు, పొద్దున్నే షేర్ ఆటోలో నాచారం వచ్చేవారు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. మడత నలగని నేత చీరలు. సంచీలో ఎప్పుడూ ఒకవైపు రాసేసిన కాగితాల కట్ట ఉండేది, రెండోవైపు పిల్లల ప్రశ్నలు రాయడానికి. ఆమె తెలుగు వింటే కోస్తా నుంచి వచ్చిన మాబోటి వాళ్లం స్టాఫ్ రూములో ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వుకునేవాళ్లం. నేనూ నవ్వాను. ఇతరులు నాకు చేసినవన్నీ లెక్కపెట్టుకునేవాణ్ణి, ఇదీ రాయకపోతే అన్యాయం.

నేను తెనాలి నుంచి వచ్చి ఈ బడిలో తెలుగు పంతులుగా చేరిన కొత్తలో ఒకరోజు ఆమె నా క్లాసులో వెనక బెంచీ మీద కూర్చున్నారు. ఒకరి పాఠం ఒకరు వినాలని అప్పటి ప్రిన్సిపాల్ గారి నియమం. నేను పద్యం చెప్పి, అర్థం అడిగి, నేనే చెప్పేసి, భావం అడిగి, అదీ నేనే చెప్పేశాను. నాకు బాగా కుదిరిందనిపించింది. బయటికి రాగానే ఆమె అన్నారు, "మీరే అడుగుతున్రు, మీరే చెప్తున్రు. ఇగ పోరగాండ్లకు పనేంది కోటి సార్?"

"పిల్లలు చెప్పలేదు కదండీ మేడం."

"జర ఆగితే చెప్పేటోళ్లేమో. మీరు ఆగిన్రా?"

నెల రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆ నెలలోనే, ఆమెలో తప్పు పట్టాలనే ఉద్దేశంతో, ఆమె గది తలుపు దగ్గర నిలబడి పాఠం విన్నాను. ఆమె ప్రశ్న అడిగి చేతులు కట్టుకుని నిలబడ్డారు. క్లాసంతా నిశ్శబ్దం. నాకు చెమట పట్టింది, నేను చెప్పేద్దామా అనిపించింది. ఆమె మాత్రం కదల్లేదు. ఎంతసేపటికో ఒక పిల్ల మెల్లగా చెయ్యెత్తింది. తర్వాత ఇంకొకడు. ఆ తర్వాత వాళ్లను ఆపడమే కష్టమైంది. ఆ రోజు ఇంటికి పోతూ దారి పొడుగునా ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి ప్రయత్నించాను, రాలేదు.

తర్వాత రెండేళ్లకు ఈ కార్యక్రమం వచ్చింది. పోచారం సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఉద్యోగాలు చేసే కుటుంబాలు తమ పిల్లల్ని పెద్ద పేరున్న బళ్లకు పంపుతున్నాయని మా యాజమాన్యానికి దిగులు. ఒక హోటల్ హాల్లో మూడు రోజులు శిక్షణ జరిగింది. అంతా ఇంగ్లీషులో. మేమంతా రాసుకున్నాం, అర్థమైనట్టు తలలూపాం. కార్యక్రమం బాధ్యత ఎవరు తీసుకుంటారంటే ఎవరూ చెయ్యెత్తలేదు, అందులో కాగితాల పని ఎక్కువ. అనసూయ మేడం ఒప్పుకున్నారు. మా అందరికీ ఊపిరి వచ్చింది.

మొదటి తప్పు నాదే. తల్లిదండ్రులకు తెలుగులో సర్క్యులర్ రాయమన్నారు. శిక్షణలో పిల్లలే అడిగి తెలుసుకోవడాన్ని ఎంక్వయిరీ అన్నారు. ఆ మాటకు నిఘంటువులో మొదట కనబడిన అర్థం తీసుకుని రాసేశాను: 'నాలుగో తరగతి విద్యార్థులకు వచ్చే నెల నుండి విచారణ పద్ధతి అమలగును. తల్లిదండ్రులు సహకరించగలరు.' మేడం చదివి సంతకం పెట్టారు. మర్నాడు పొద్దున గేటు దగ్గర జనం.

"సార్, మా పోరడు ఏం జేసిండు? దొంగతనం గిట్ల జేసిండా?" ఫ్యాక్టరీ డ్రెస్సులోనే వచ్చిన ఒక తండ్రి అడిగాడు.

"మా పిల్ల మస్తు సక్కగుంటది. విచారణ జేస్తే పక్క బెంచీ పిల్లను జెయ్యున్రి," అందొక తల్లి. పక్క బెంచీ పిల్ల తల్లి అక్కడే ఉంది. ఇక చెప్పేదేముంది.

ఒక తాత మాత్రం నెమ్మదిగా నా దగ్గరికొచ్చి, "వకీలును తోల్కరావాల్నా, మీరే సూస్కుంటరా?" అని అడిగాడు.

ప్రిన్సిపాల్ గారి మొహం ఎర్రబడింది. "ఎవరు రాశారిది?" అన్నారు అందరి ముందు. నేను నేల చూశాను. "నేనే పంపిన సార్, నా సంతకం ఉన్నది గదా" అన్నారు మేడం. తిట్లన్నీ ఆమే తిన్నారు. తర్వాత నేను ఏదో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"మీరు రాసిన్రు, నేను సదివిన. ఇద్దరికీ సోయి లేదు. ఇగ దాని ముచ్చట వద్దు. వేరే మాట చెప్పున్రి."

"అన్వేషణ."

"శానా పెద్దగున్నది."

"జిజ్ఞాస."

"నాకే నోరు తిరుగుత లేదు, పోరగాండ్లకేం తిరుగుతది?"

"పోనీ పరిశోధన."

"అది డాక్టరేట్ జేసెటోళ్లకు." అంతలోనే ఏదో గుర్తొచ్చి నవ్వారు. "మా అమ్మ అయితే ఆరా తీసుడు అంటది సార్. వాడకట్టుకు కొత్త కోడలొచ్చిందంటే, ఎక్కడి పిల్ల, ఏం సదివింది, ఎందుకు గింత సన్నగున్నది, అన్నీ కావాలె ఆమెకు. ఒక్కరు చెప్తే నమ్మది. నలుగురిని అడుగుతది, తనే పోయి సూసొస్తది, అప్పుడు చెప్తది. ఆ హోటల్ల మూడు దినాలు మనకు చెప్పింది గిదే గదా?"

"ఆరా అంటే ఊసుపోక అడిగేదండీ. బడికి బాగుండదు."

"ఊసుపోక అడిగినోళ్లే గట్టిగ అడుగుతరు" అన్నారు. రెండో సర్క్యులర్‌లో 'ఆరా తీసే చదువు' అని రాశాను. ఒక్కరు కూడా అర్థం అడగడానికి రాలేదు. పిల్లలు ఆమెకు ఆరా మేడం అని పేరు పెట్టేశారు.

ఆ పద్ధతిలో మొదటి పాఠం నాలుగో తరగతికి నేనే చెప్పాను, మా చుట్టుపక్కల చోట్ల గురించి. స్వాతి అనే పిల్ల అడిగింది, "ఉప్పల్‌కు ఆ పేరు ఎందుకొచ్చింది సార్? అక్కడ ఉప్పు అమ్మేటోళ్లా?" పదాల పుట్టుక నా సొత్తనుకునేవాణ్ణి. నోరు తెరిచాను. తలుపు దగ్గర నిలబడ్డ మేడం పెదాల మీద వేలు పెట్టుకున్నారు. చెప్పబోయిన జవాబు మింగేశాను. పిల్లలు వారం రోజులు కిరాణా కొట్లలో, ఆటో స్టాండులో, ఇంట్లో ముసలివాళ్ల దగ్గర ఆరా తీశారు. ఐదు రకాల సమాధానాలు తెచ్చారు. ఒకదానికొకటి పొంతన లేదు. "ఇంతకు ఏది కరెక్టు సార్?" అని అందరూ నా వైపు చూశారు. అప్పుడు నాకు అర్థమైంది, ఆ రోజు నేను చెప్పబోయింది కూడా ఎక్కడో విన్న ఆరో ముక్కే. "నాకు తెలియదు" అన్నాను. తెనాలిలో, ఇక్కడ కలిపి ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో క్లాసులో ఆ మాట అనడం అదే మొదలు. "సార్‌కు గూడ తెల్వదంట!" అని వెనక నుంచి ఒకడు అరిచాడు. వెక్కిరింత కాదు, సంబరం. నేనూ వాళ్ల జట్టులో చేరినట్టు.

"గా మాట అననీకి ఎన్నేండ్లు పట్టింది సార్ మీకు?" అన్నారు మేడం స్టాఫ్ రూములో. అందరూ నవ్వారు. రెండు రోజులు మళ్లీ ఆమెతో మాట్లాడలేదు. కానీ ఆ తర్వాత నేను చెప్పిన పాఠాలు వేరు.

ఏడాదిన్నర ఆమె ఆ పని మోశారు. అప్పటికి ప్రిన్సిపాల్ గారు వెళ్లిపోయి కొత్త డైరెక్టరు గారు వచ్చారు. పరిశీలకులు రావడానికి నాలుగు రోజుల ముందు నోటీసు బోర్డులో కాగితం అంటించారు. బాధ్యత వేరొకరికి. ఆ వచ్చిన అమ్మాయి మంచిదే, ఇంగ్లీషు గలగలా మాట్లాడుతుంది, ఆమె తప్పేమీ లేదు. అనసూయ మేడం డైరెక్టరు గారి గదిలోకి వెళ్లి ఎందుకని అడిగారు. "తర్వాత మాట్లాడదాం" అన్నారట. పరిశీలకులు ఉన్న రెండు రోజులూ ఆమెను లైబ్రరీలో కూర్చోబెట్టి పుస్తకాలకు చీటీలు అంటించమన్నారు.

రెండో రోజు వరండాలో ఒక పరిశీలకురాలు స్వాతిని ఆపి, ఎంక్వయిరీ అంటే నీకేం అర్థమైందని అడిగారు. పిల్ల తడుముకోలేదు. "ఆరా తీసుడు మేడం. ఒక్కరు చెప్పింది నమ్మొద్దు. నలుగురిని అడగాలె, మనం పోయి సూడాలె, అప్పుడు చెప్పాలె." నేను ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. ఆమె ముచ్చటపడి నోటుపుస్తకంలో రాసుకున్నారు. ఈ మాట ఎవరు పెట్టారని నన్నడిగారు. లైబ్రరీ తలుపు అక్కడికి ఇరవై అడుగులు ఉండదు. డైరెక్టరు గారు నా పక్కనే ఉన్నారు. నా ఉద్యోగం ఏటేటా పొడిగించేది, ఆ నెలలోనే పొడిగించాలి. "మేమంతా కలిసి పెట్టుకున్నాం" అన్నాను.

వాళ్ల నివేదికలో ఆ మాట గురించి ఒక మెచ్చుకోలు వాక్యం వచ్చింది. దాన్ని ప్రార్థన సమావేశంలో చదివారు, చప్పట్లు కొట్టించారు. వెనక వరసలో నిలబడి అనసూయ మేడం కూడా కొట్టారు. ఆ వేసవిలో ఆమె మానేశారు. వీడ్కోలు సభకు ఆమె రాలేదు, ఎందుకంటే ఎవరూ పెట్టలేదు.

మూడో ఉత్తరం కూడా గాలిలో కలిసిపోయాక, పోయిన నెల ఒక ఆదివారం పొద్దున నారపల్లి వెళ్లాను. అనసూయ మేడం ఇప్పుడు అక్కడ ప్లాట్ల మధ్య తమ్ముడి ఇంట్లో ఉంటున్నారు. రేకుల పందిరి కింద పదిమంది పిల్లలకు ట్యూషన్ చెబుతున్నారు. జుట్టు నెరిసింది, గొంతు తగ్గలేదు. టీ ఇచ్చారు. తాగకుండానే చెప్పేశాను.

"మేడం, ఆ రోజు అది మీ మాటని నేను చెప్పలేదు."

"ఎరుకే సార్. లైబ్రరీ కిటికీ తెరిచే ఉండె."

"మరి నన్నెప్పుడూ అడగలేదే?"

"మీరే ఒకనాడు చెప్తరని ఊకున్న." గ్లాసు నా వైపు జరిపారు. "మాట మా అమ్మది, దాని గురించి నాకు ఫికర్ లేదు. గని నన్ను ఎందుకు తీసిన్రో ఒక్కరు చెప్పలే. ఇంగ్లీష్ రాదంటే నేర్సుకుంటుంటి. పని మంచిగ లేదంటే దిద్దుకుంటుంటి. ఏదీ అనలే. గిన్నేండ్ల సంది ఒక్కొక్క పాఠం యాది జేస్కుంట ఎతుకుతున్న సార్, ఏడ తప్పు జేసిన్నో అని."

అంత మంచి టీచరు, లేని తప్పు కోసం ఇన్నేళ్లుగా తనను తాను తవ్వుకుంటున్నారు. తిరుగు బస్సులో నాకు కోపం కూడా రాలేదు. అలసట మాత్రం వచ్చింది. నా దగ్గర మిగిలినవన్నీ ఆమె ఇచ్చినవే. ప్రశ్న అడిగాక నోరు మూసుకుని నిలబడతాను. ఎంత నిశ్శబ్దమైనా ఇప్పుడు చెమట పట్టదు. వారానికొకసారైనా పిల్లల ముందు 'తెలియదు' అంటాను. మొన్న ఒక కొత్త టీచరు, ఇలా పాఠం చెప్పడం ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే, కార్యక్రమంలోనే అని గబుక్కున అనేశాను. మళ్లీ వెనక్కి పిలిచి అనసూయ మేడం పేరు చెప్పాను. ఆ పేరు ఆ టీచరుకు తెలియదు. ఈ బడిలో ఇప్పుడున్న కొత్త టీచర్లెవరికీ తెలియదు.

డైరెక్టరు గారూ, ఈ కాగితం మీకూ ఇస్తున్నాను. సోమవారం 'ఆరా' అనే మాట ఎవరిదని పరిశీలకులు అడిగినా, అడగకపోయినా నేను చెబుతాను. ఆ రోజు అబద్ధం చెప్పింది నేనేనని కూడా చెబుతాను. ఉద్యోగం పొడిగించకపోతే మానండి. నా వంతు జవాబు అది. మీ వంతు మిగిలే ఉంది. ఆమెను ఎందుకు తీసేశారు? ఇంగ్లీషా, యాసా, చీరా, ఇంకేదైనానా? నాకు రాయనక్కర్లేదు. ఆమె నారపల్లి చిరునామా ఈ కాగితం వెనక రాశాను. ఒక్క వాక్యం చాలు, ఎంత చిన్నదైనా, ఎంత సిగ్గుచేటైనదైనా సరే. మీరు రాసేదాకా ఆమె వెతుకుతూనే ఉంటారు. రాయండి.