పెద్దన్నకు నచ్చదు

శివుడి ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు. గోదావరిఖనిలోని ఆ బొగ్గుబావి మీద ఆ శివుడు పెద్దన్న. అంటే కార్మిక సంఘం నాయకుడు వేణుమాధవ్. పదేళ్లు ఏలాడు. ఎవరికి పైన తేలికపని, ఎవరికి అడుగున తట్టమోత అన్నది ఆయన కనుసన్నల్లోనే తేలేది. ఆయన కనుబొమ్మ కదిలితే ఆఫీసర్లు సైతం ఫైళ్లు తిరగేసేవారట. ఇన్ని చెప్పేవాళ్లలో పెద్దన్న నోటి నుంచి నేరుగా ఒక్క ఆజ్ఞ విన్నవాడు మాత్రం లేడు. అందరూ విన్నది సదయ్య నోటి నుంచే.

సదయ్య ఎవరయ్యా అంటే, కాగితాల మీద కోల్ ఫిల్లర్. బావిలో పేల్చిన బొగ్గును చెమ్మస్ అనే పారతో తట్టకెత్తి, మోసుకెళ్లి టబ్బు బండిలో పోసే పని. రామకృష్ణాపూర్ దగ్గరి పల్లె నుంచి వచ్చి పదిహేనేళ్లు ఆ పనే చేశాడు. 2002లో ఒకరోజు మొదటి షిఫ్టులో పైకప్పు కూలి, పక్కన తట్ట ఎత్తుతున్న ఎల్లన్న బండ కింద పోయాడు. వెనకున్న రాయమల్లు జబ్బ పట్టి లాగకపోతే సదయ్య కూడా పోయేవాడే. ఆ తర్వాత బావి నోరు చూస్తే చాలు, సదయ్యకు కాళ్లు వణికేవి. ఇందులో వేళాకోళం లేదు. ఆ భయం నిజం, దానికి ఎవరైనా జాలిపడవలసిందే.

వెళ్లి పెద్దన్న కాళ్ల మీద పడ్డాడు. మధ్యాహ్నం తిని కునుకు తీయబోతున్న పెద్దన్న, "మంచినీళ్లు తే" అన్నాడు. సదయ్య తెచ్చాడు. ఇక పొమ్మని ఆయన అనలేదు, పోతానని ఈయన అనలేదు. అట్లా తొమ్మిదేళ్లు గడిచాయి. పొద్దున్నే బావి మీద మస్టర్‌లో హాజరు వేయించుకోవడం, సైకిలెక్కి పెద్దన్న క్వార్టర్‌కు పోవడం, అదే సదయ్య డ్యూటీ. నాయకుడి మనిషి బావి దిగడు. ఈ రూలు ఏ పుస్తకంలోనూ లేదు గానీ, దాన్ని కాదన్నవాడు కూడా లేడు.

ఇప్పుడు పెద్దన్న పాలన ఎట్లా తయారైందో వినండి. సదయ్య వరండా కడిగి ఇంకా నడుం నిలబెట్టకముందే ఎవరో మసి బూట్లతో తొక్కారు. "చెప్పులు, బూట్లు గేటు బయటనే ఇడువాలె. పెద్దన్నకు నచ్చదు" అన్నాడు. ఇంట్లో ఉన్నవి మూడు కుర్చీలు, వాటిలో రెండింటికి కాళ్లు విరిగాయి. "అన్న ముంగట కూసుంటరా? పెద్దన్నకు నచ్చదు" అన్నాడు. నెల తిరిగేసరికి ఆ మాట శ్రీరాంపూర్ దాకా పాకింది. ఖని పెద్దన్న ముందు ఎంతటివాడైనా నిలబడే మాట్లాడాలట! పని అడిగితే మొదటిసారి ఇవ్వడు, రెండోసారి కసురుతాడు, మూడోసారి కరుగుతాడు అని ఇంకో మాట పుట్టింది. అసలు సంగతేమిటంటే, మొదటి రెండుసార్లు ఆయనకు చెప్పడం సదయ్య మరిచిపోయేవాడు.

కొన్నాళ్లకు ఇవన్నీ పెద్దన్న చెవిన కూడా పడ్డాయి. తనెంత కఠినుడో తెలుసుకుని, నమ్మి, ఆనందించాడు. తెలియక కుర్చీలో కూర్చున్న, బావిలో పనులు చూసే ఒక ఓవర్‌మన్ మీద కళ్లెర్రజేశాడు కూడా. రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా అంటారు. ఇక్కడ దెబ్బలు ముందు తగిలేవి, రాజు తర్వాత తలచుకునేవాడు.

2011 ఎండాకాలంలో పెద్దన్నకు పక్షవాతం వచ్చింది. కరీంనగర్ దవాఖానలో పదిహేను రోజులుండి ఇంటికొచ్చేసరికి మిగిలింది ఎడమ చెయ్యి, "ఊ" అనే ఒక్క శబ్దం. భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు, దగ్గరున్నది సదయ్య ఒక్కడే. సంగతి పొక్కితే సంఘం కొత్త నాయకుణ్ణి చూసుకుంటుంది. కొత్త నాయకుడికి తన సదయ్య ఉంటాడు. పాత సదయ్య మళ్లీ బావి దిగాలి.

అందుకని గేటు దగ్గర నిలబడి, "పెద్దన్న మాటలు తగ్గించిండు. ఏదైనా ఊ అనే చెప్తుండు" అని చాటాడు. కుడి పక్కంతా శాలువా కప్పి, కిటికీలోంచి రెండు నిమిషాలు దర్శనం ఇప్పించేవాడు. జనం గుండెలు మరింత జారాయి. మాట్లాడే పెద్దన్న కంటే మాట్లాడని పెద్దన్నకు ఎక్కువ వణికారు. ఐదు నెలలు పాలన రవ్వంత కూడా సడలలేదు. నిజానికి కాస్త బిగిసింది.

ఆ రోజుల్లోనే రాయమల్లు వచ్చాడు. గేటు నుంచి వరండాకు పది అడుగులు లేవు, మధ్యలో రెండుసార్లు ఆగి దగ్గాడు.

"సదయ్య బావా, నాలుగు తట్టలెత్తితే దమ్ము ఆగుతలేదు. ఇంక మూడేండ్లే నౌకరి. సర్ఫేస్ మీద ఏదన్న పని ఇప్పియ్యుమని అన్నకు జెప్పరాదు."

సదయ్యకు అది చిటికెలో పని. సంఘం లెటర్‌ప్యాడు, ముద్ర తన భుజాన సంచిలోనే ఉన్నాయి. పైగా అడిగినవాడు ప్రాణం నిలబెట్టినవాడు. కానీ మొదటిసారి అడిగితే ఎన్నడూ ఇవ్వని పెద్దన్న ఇప్పుడిస్తే? అన్న మెత్తబడ్డాడంటారు. మెత్తబడ్డవాణ్ణి దగ్గరికొచ్చి చూస్తారు. చూశారంటే అంతా అయిపోయినట్టే.

"కిటికీ కాడికి రా. అన్ననే అడుగు" అన్నాడు.

మంచం మీది పెద్దన్న రాయమల్లును చూశాడు. ఆ దగ్గు విన్నాడు. ఆయన కూడా ఒకప్పుడు తట్ట మోసినవాడే. ఏం గుర్తొచ్చిందో, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎడమ చెయ్యి కష్టం మీద లేపి సదయ్య సంచి వైపు చూపించాడు, రాయమల్లు వైపు చూపించాడు, మళ్లీ సంచి వైపు చూపించాడు. "ఊ, ఊ" అన్నాడు. పదేళ్ల ఏలుబడిలో పెద్దన్న తనంతట తాను ఇచ్చిన ఆజ్ఞ బహుశా అదొక్కటే.

"చూసినవా? పొమ్మంటుండు" అన్నాడు సదయ్య.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెతను మనం నవ్వుతూ చెప్పుకుంటాం. ఆ కిటికీ దగ్గర నిలబడి ఉంటే నవ్వు వచ్చేది కాదు. రాయమల్లు ఇద్దరికీ దండం పెట్టి, దగ్గుకుంటూ వెళ్లిపోయాడు.

సదయ్య ఇంటికి పోయేసరికి అతని భార్య అనసూర్యకు ఆ సంగతి తెలిసిపోయింది. పెద్దన్న బట్టలు ఉతికేది ఆమే, ఆయన పరిస్థితి ఆమెకు దాపరికం కాదు.

"రాయమల్లన్నకు లేదన్నదెవలు?"

"పెద్దన్న."

"ఆయనకు నోరే పడిపాయె గద."

"నోరు పడిపోతే పెద్దన్న గాకుంట పోతడా?" అన్నాడు సదయ్య. వింత ఏమిటంటే, నిజంగా నమ్మే అన్నాడు. అనసూర్య అన్నం కంచం దబ్బున పెట్టి లేచిపోయింది.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. పెద్దన్న ఆజ్ఞ లేనిదే చీమ కుట్టని చోట, పెద్దన్నను అడగాలన్న ఆలోచన కూడా లేకుండా కార్మికులంతా డ్యూటీ మానేశారు. కాకపోతే మీటింగుకు నిండుదనం ఉండాలి గదా, అన్నను స్టేజీ మీద కూర్చోబెడదామన్నారు కుర్రాళ్లు. సదయ్య అడ్డుపడుతున్నా వినకుండా కుర్చీతో సహా ఎత్తుకుపోయారు.

"ప్రత్యేక రాష్ట్రం గావాల్నా పెద్దన్నా?" అని మైకు ఆయన నోటి దగ్గర పెట్టారు.

"ఊ."

చప్పట్లు.

"కొట్లాడి గెలుద్దమా?"

"ఊ."

ఈలలు. మైకు పట్టుకున్నవాడికి ఊపొచ్చింది.

"మరి రాజీపడుదమా?"

"ఊ" అన్నాడు పెద్దన్న.

మైకు వెనక్కి లాక్కున్నారు. "వద్దంటుండు! వద్దంటుండు!" అని సదయ్య అరిచాడు గానీ, ఎవరికీ ఎక్కలేదు. శాలువా జారింది. అందరూ చూశారు.

సమ్మె ముగిసిన నెలకు సంఘానికి కిషన్ అనే ఆయన నాయకుడయ్యాడు. ఆయన సంచి మోసేవాడు అప్పటికే ఆయన వెంట ఉన్నాడు. పెద్దన్నను తమ్ముడి కొడుకులు ఊరికి తీసుకుపోయారు. సదయ్య తొమ్మిదేళ్ల తర్వాత నెత్తిన టోపీ, నడుముకు ల్యాంపు బ్యాటరీ కట్టుకుని బావి దిగాడు. జత ఎవరంటే, రాయమల్లే.

బొగ్గు దగ్గర చేరాక సదయ్య ఉండబట్టలేక అన్నాడు. "పెద్దన్న మనసు బండ, బావా. ఆ రోజు నీ గురించి మస్తు చెప్పి చూసిన. ఇనలే."

రాయమల్లు దగ్గు ఆగేదాకా ఆగాడు.

"నాకు కండ్లున్నయి బావా. ఆయన ఇయ్యుమన్నడు. నువ్వు పొమ్మన్నవు."

"ఎరుకైనంక ఎందుకు పోయినవ్ మరి? అన్న ఇయ్యుమంటుండు గద అనకపోయినవా?"

"ఆయన ఇయ్యుమంటే ఏమైతది? పొమ్మన్నది నువ్వాయె. బాయి మీద మేం భయపడ్డది నీకు బావా. ఆయనకు ఎవడు భయపడ్డడు?"

సదయ్య తల దించుకోవాలి. దించుకున్నాడు కూడా. కానీ లోపల, చెప్పడానికే సిగ్గేస్తుంది, ఇంతమంది భయపడ్డది తనకా అని రవ్వంత సంతోషం పుట్టింది. అది ముఖం మీదికి వచ్చిందేమో, రాయమల్లు ల్యాంపు వెలుగు ఇటు తిప్పి కాసేపు చూశాడు. చెమ్మస్ అందుకుని, దగ్గుకుంటూనే సదయ్య తట్ట నింపసాగాడు.