ఊపిరి ఉందన్నాను

ఢిల్లీ కటవారియా సరాయ్‌లో ఆదివారం పొద్దున్న క్రికెట్ ఆడటం మా గదుల వాళ్లందరికీ వారానికి ఒక్క సుఖం. అందరం సివిల్స్‌కి చదివే తెలుగువాళ్లమే. ఆ రోజు నా రూమ్మేట్ రెండో పరుగు తీసి, క్రీజులో బ్యాటు ఆనించి, అలాగే బోర్లా పడిపోయాడు. నటిస్తున్నాడనుకుని నవ్వాం. ఛీ, ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

వెల్లకిలా తిప్పాం. చేతులు రెండుసార్లు కొట్టుకున్నాయి. అంతే, ఎవడో ఫిట్స్ అన్నాడు. ఫిట్స్ అంటే చేతిలో ఇనుము పెట్టాలి, అది మాకు ఉగ్గుపాలతో వచ్చిన వైద్యం. గది తాళాలగుత్తి వాడి గుప్పిట్లో పెట్టి, వేళ్లు మూసి, జారిపోకుండా గట్టిగా పట్టుకున్నాను. టీ కొట్టు భయ్యా పరుగున వచ్చి చెప్పు వాసన చూపించమన్నాడు. అదీ చేశాం. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు. విపత్తు నిర్వహణ మీద కట్టలకొద్దీ నోట్సు రాసుకున్న ఏడుగురం, వాడి ముక్కు దగ్గర చెప్పు పట్టుకుని నిలబడ్డాం.

మాలో ఒకడికి మాత్రం అంబులెన్సుకి ఫోన్ చెయ్యాలని తట్టింది. ఊపిరి తీసుకుంటున్నాడా అని అవతలావిడ హిందీలో అడిగిందట, వాడు నన్నడిగాడు. వంగి చూశాను. నోరు తెరిచి, గురక లాంటి చప్పుడుతో ఒకసారి గాలి లాగాడు. చాలాసేపటికి ఇంకోసారి.

"ఊపిరి ఉంది, ఎవరూ ముట్టుకోకండి," అన్నాను.

ఆ పెద్దరికం నాకెవరిచ్చారో. అందరూ నా మాట విన్నారు. అంబులెన్సు వచ్చేసరికి ఆ చప్పుడు కూడా ఆగిపోయింది.

అది ఊపిరే కాదని ఆసుపత్రిలో డాక్టరు చెప్పాడు. గుండె ఆగినవాడికి కాసేపు అలా ఎగశ్వాస వస్తుందట. పడ్డ క్షణం నుంచీ ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా, వేగంగా, ఆపకుండా నొక్కుతూ ఉండాల్సిందట. నొక్కితే తప్పకుండా బతికేవాడని అనలేదు. బతికేవాడు కాదనీ అనలేదు. నన్ను ఆ మధ్యలోనే వదిలేసి వెళ్లిపోయాడు.

వాడి అన్న ఇక్కడే కంటోన్మెంటులో హవల్దారు. యూనిఫాంతోనే వచ్చాడు. ఏడవలేదు. నన్ను పక్కకి పిలిచి, "ఛాతీ ఎవులు నొక్కారు తమ్ముడూ?" అని అడిగాడు.

అబద్ధం నోటిదాకా వచ్చింది. ఎవరూ నొక్కలేదని, ముట్టుకోనివ్వనిది నేనేనని చెప్పేశాను. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

ఆయన గోడకి ఆనుకుని మెల్లగా కింద కూర్చున్నాడు.

"మా యూనిట్లో కొత్త కుర్రాళ్లకి అది నేర్పేది నేనే. సెలవొస్తే ఈడు మా క్వార్టరుకొచ్చి తినెల్లేవోడు. ఒక్కరోజు కూడా ఈడికి నేర్పాలని నాకు తట్టలేదు," అన్నాడు.