రేగడిలో దిగిన ఒకటో నంబరు ట్యాంకు

మొయినాబాద్ దాటి చేవెళ్ల దారిలో రెండు మైళ్లు నడిచాక శిబిరం వచ్చింది. మే నెల. మధ్యాహ్నం పన్నెండున్నర. నా దగ్గర ఒక ట్రంకు పెట్టె, ఒక కంబళి, రెండు జతల ఖాకీ, ఒక రేకు మగ్గు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులవి. ట్యాంకు నడుపుతానని ఊరంతా చాటి పట్టాళంలో చేరాను. నాలుగు నెలలు వంటశాలలో ఉల్లిగడ్డలు తరిగించారు. ఇప్పుడు పంపిందేమో మా కనకమామిడికి నడిచిపోయేంత దూరం! ఇంతకంటే తలవంపు ఏముంటుంది చెప్పండి?

గేటు దగ్గర హవల్దారు నా కాగితం చూశాడు. హైదరాబాదు మనిషి, గొంతు పెద్దది.

"పేరు?"

"యేసుదాసు సార్."

"రంగులేసుడు వస్తదా?"

"ఎడ్ల కొమ్ములకు ఏసిన సార్."

"బస్, చాలు. రా."

రేకుల షెడ్డు. లోపల పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు బల్ల. దాని నిండా ఇసుక. ఆఫీసర్లు బయట యుద్ధం ఆడే ముందు దాని మీద బొమ్మలతో ఆడి చూసుకుంటారు. ఆ బల్ల మీద మన చుట్టుపక్కల నేలంతా చెయ్యాలి, దానిమీద ట్యాంకులు, కంచర గాడిదలు, ఎడ్లబండ్లు నిలబెట్టాలి. అదీ నా డ్యూటీ. బొమ్మలు! నాకు ఏడుపొక్కటే తక్కువ.

"కల్నల్ సాబ్ వచ్చిన దినం ఒక్క బొమ్మ పడ్డా నువ్వు మళ్ల ఉల్లిగడ్డల కాడికే," అన్నాడు హవల్దారు. "అన్నీ నిలబడ్డయంటే ట్యాంకు దళానికి నీ పేరు నేనే రాస్త. ఫికర్ చెయ్యకు, పని చెయ్యి."

చెక్కేవాడు నిర్మల్ దిక్కు నుంచి వచ్చిన సిపాయి, వడ్లాయన. పునికి కర్రతో వేలెడు ట్యాంకు చెక్కి, గొడుగు పుల్ల విరిచి ఫిరంగి పెట్టేవాడు. నేను చింతగింజల జిగురు కాచి పూసి, లారీలకు వేయగా మిగిలిన ఖాకీ రంగు వేసేవాణ్ణి. ప్రతి బొమ్మ కింద ఒక పీట కావాలి. బిస్కెట్ల డబ్బా రేకును గుండ్రంగా కత్తిరించి, బొమ్మ అతికించి, పైన జిగురు రాసి మట్టి చల్లాలి. సురంగల్ చేన్ల నుంచి ఒక గోనెడు రేగడి మోసుకొచ్చి చల్లాను. నల్లగా మెరుస్తుంటే మురిసిపోయాను.

మూడో రోజుకు పీటలన్నీ పగుళ్లిచ్చాయి. రేగడి ఎండితే ఊరుకుంటుందా? పదహారు ఎడ్ల బొమ్మల్లో ఏడు బోర్లా పడ్డాయి. హవల్దారు తలుపు దగ్గర నిలబడి, "ఉల్లిగడ్డలు పిలుస్తున్నయ్ రా," అన్నాడు.

"రైతు బిడ్డవు, రేగడి సంగతి నీకు ఎర్కలేదా?" అని వడ్లాయన నవ్వి నవ్వి సచ్చాడు. నాకు సిగ్గుతో చెవులు మండాయి. అన్నీ గీకేసి ఈసారి ఎర్రమట్టి చల్లాం. పడకుండా ప్రతి ట్యాంకు కింద పాత తూటాల సీసం కరిగించి పోశాం. మిగిలిన రేగడిని బల్ల మీద సురంగల్ చేన్లున్న చోటే పరిచాను.

ఎడ్లకు రంగులేసే ఏరువాక దగ్గరికొచ్చింది. చేతులు ఊరుకోలేదు. ఎడ్ల కొమ్ములకు ఎరుపు, పచ్చ రంగులు వేసేశాను. ట్యాంకుల కెప్టెన్ వచ్చి చూసి మండిపడ్డాడు. ఆయన ఇంగ్లీషును హవల్దారు తెలుగు చేశాడు: "పట్టాళంల అన్నీ ఖాకీనే ఉండాలె. రేపటికల్లా చెరిపెయ్యి."

"సరే సార్," అన్నాను. చెరపలేదు.

ఏరువాక నాడు కల్నల్ వచ్చాడు. ముందు రాత్రి మొదటి వాన పడింది. బల్ల మీద ఒక్క బొమ్మ పడలేదు. నా గుండె ఇంత అయింది. కెప్టెన్ బెత్తంతో ఆరు ట్యాంకులను నెట్టుకుంటూ సురంగల్ చేన్ల మధ్యగా నేరుగా గండిపేట వైపు గుట్ట మీదికి దారి చూపించాడు. మర్నాడు ఉదయం ఎనిమిదికి ట్యాంకులు అక్కడికి చేరాలి.

గోడకు నిలబడిన సిపాయి నోరెత్తకూడదు. ఎత్తితే నా ట్యాంకు ఆశ అక్కడికక్కడే ఆఖరు. అయినా నా నోరు ఆగిందా?

"సార్, అటు పోతే దిగబడతయ్ సార్. అది రేగడి. రాత్రి వాన పడ్డది."

"ఎవడీ బొమ్మలోడు?" అన్నాడు కెప్టెన్.

హవల్దారు కళ్లు మూసుకునే నా మాట ఇంగ్లీషు చేశాడు. కల్నల్ మాత్రం, "చూపించు," అన్నాడు.

నా మగ్గుతో నీళ్లు తెచ్చి బల్ల మీది రేగడిలో పోశాను. అయిదు నిమిషాలు ఆగి ట్యాంకును నెట్టాను. సీసం బరువుకు పీటతో సహా దిగింది. ఫిరంగి ఒక్కటే పైన మిగిలింది.

"బొమ్మ దిగింది. నా ట్యాంకు దిగదు," అన్నాడు కెప్టెన్.

కల్నల్ నవ్వాడు. "రేపు మీ ఒకటో నంబరు అటు పోనీ. తక్కిన అయిదూ ఎర్రమట్టి మీదుగా. దారి ఈ బొమ్మలోడు చూపిస్తాడు."

తెల్లారి ఆరుంబావుకు బయల్దేరాం. రెండో నంబరు పైమూతలో నడుము దాకా నిలబడ్డది నేనే! వైర్‌లెస్‌లో కల్నల్ గొంతు గరగరమంది.

"ఒకటో నంబరు, ఎక్కడున్నారు?"

"ఆగాము." కెప్టెన్ గొంతు.

"ఎందుకు?"

కాసేపు గరగర. "నేల... మెత్తగా ఉంది."

లోపల వైర్‌లెస్ సిపాయి నా మోకాలి మీద చరిచి పగలబడి నవ్వాడు. అయిదు ట్యాంకులూ ఏడూ నలభైకే గుట్టెక్కాయి. నేను అరిచిన అరుపుకు గండిపేట కొంగలన్నీ లేచిపోయి ఉంటాయి.

తిరిగొచ్చేసరికి ఒకటో నంబరు పొట్ట దాకా దిగి ఉంది. గట్టి గట్టు మీద నుంచి దానికి మోకులతో ఎనిమిది జతల ఎడ్లను కట్టి సురంగల్ పెద్దరైతు నిలబడ్డాడు. కొమ్ములకు ఎరుపు, పచ్చ. అచ్చం నా బొమ్మలే.

"ఏం బిడ్డా," అన్నాడు నాతో, "గీ బండి ఎడ్లు కట్టకుంటె నడ్వదా?"

మోకాళ్ల దాకా బురదలో ఉన్న కెప్టెన్‌కు హవల్దారు అది కూడా ఇంగ్లీషు చేసి చెప్పాడు. కెప్టెన్ ముందు ఎర్రబడ్డాడు, తర్వాత నవ్వాడు. నా వైపు తిరిగి, "ఆ కొమ్ముల రంగు చెరపకు," అన్నాడు. ఆ సాయంత్రం నా పేరు ట్యాంకు దళానికి రాసిందీ ఆయనే.

తర్వాత రెండేళ్లు బర్మాలో ట్యాంకు నడిపాను. యుద్ధం అయ్యాక అదే ట్రంకు పెట్టెతో కనకమామిడికి నడిచొచ్చాను. అవ్వ అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"అంత దూరం పోయినవు గదా కొడుకా, ఏం జూసినవ్?"

అడవులు చూశాను, నదులు దాటాను, కాలిన ఊళ్లు చూశాను. నోటికి మాత్రం సురంగల్ చేనే వచ్చింది. పెద్దరైతు "హోయ్" అన్నాడు. పదహారు ఎడ్లూ ఒక్కసారి తలలు వంచాయి. ఎరుపు, పచ్చ కొమ్ములన్నీ నేల దాకా వంగాయి. వాటి వెనక, నల్లటి బురద కారుతూ, ట్యాంకు లేచి వచ్చింది.