ముఖం రాని జిరాక్సు

వనపర్తిలో కాలువ పనులు పట్టే ఒక కాంట్రాక్టు ఆఫీసులో నేను కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని. పాత కాగితాలు స్కాన్ చేయడం, వాటికి పేరు పెట్టి దాచడం, ఎవరైనా అడిగితే వెతికి తీసివ్వడం, ఇదీ నా ఉద్యోగం. వెనక గదుల్లో బిల్లులు, టెండరు కాగితాలు, డీజిల్ చిట్టీలు, కూలీల ఆధార్ జిరాక్సులు నేల నుంచి కప్పు దాకా పేర్చి ఉండేవి. ఆ గదులు ఖాళీ చేయాలని మేనేజరుకు ఒకటే తొందర. సాయంత్రం ఇంటికి పోయి ముక్కు చీదితే నల్లగా దుమ్ము వచ్చేది.

మేనేజరుతో నాకు మొదట్లోనే చెడింది. ఫైళ్లు బరువెక్కి కంప్యూటర్ నిండిపోతోందని ఆయన స్కానర్‌ను పూర్తి నలుపు తెలుపులోకి మార్పించాడు. అందులో మధ్యరకం రంగు ఉండదు. కాస్త మసకగా ఉన్నది ఏదైనా నల్లగా ముద్దకట్టేస్తుంది.

"సార్, ఆధార్ జిరాక్సుల మీద మొఖాలు పోతున్నయి" అన్నాను.

"మొఖాలు ఎవనిక్కావాలె? పేరు, నంబరు కనవడితె చాలు" అన్నాడు.

స్కాన్ అయిన కట్టలను కట్టలుగానే తూకానికి అమ్మేశాడు. కొన్నాళ్లకు బస్టాండు దగ్గర మిర్చి బజ్జీలు కొంటే మా ఆఫీసు డీజిల్ చిట్టీలోనే చుట్టి ఇచ్చారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు గానీ బజ్జీలు మాత్రం తిన్నాను.

చనిపోయిన పెద్దలకు పెట్టుకునే పెత్తరమాస ఇంకో వారం ఉందనగా కోడేరు వైపు నుంచి ఒకామె వచ్చింది. మా కంపెనీ వేరే రాష్ట్రంలో పట్టిన కాలువ పనికి ఆమె భర్త పోయాడు. అక్కడే జ్వరమొచ్చి, అక్కడి దవాఖానలోనే చనిపోయాడు. అంత దూరం నుంచి శవాన్ని తెచ్చేవాళ్లు లేక తోటి కూలీలే దహనం చేశారు. ఆమెకు కడచూపు కూడా దక్కలేదు.

ఆమె ఎందుకు వచ్చిందో చెప్పకముందే మేనేజరు ముఖం మాడ్చుకున్నాడు. నష్టపరిహారం అడగడానికి వచ్చిందనుకున్నాడు. చనిపోయినతని పేరు కంప్యూటర్‌లో కొట్టించి, ఏమీ రాకపోయేసరికి తెర ఆమె వైపు తిప్పి చూపించాడు.

"సూడు, నీ పెనిమిటి పేరే లేదు. మా దగ్గర పని చెయ్యలేదమ్మా" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. మా పాలమూరు నుంచి కూలీలు ఎప్పుడైనా ఎవరి పేరున వాళ్లు పోతారా? గుంపు మేస్త్రీ పేరున పోతారు. ఆయనే అందరి జిరాక్సులు పోగుచేసి కట్టగా ఇస్తాడు, అందరి తరఫునా ఆయనే సంతకం పెడతాడు. ఆ కట్ట మొత్తాన్నీ ఒకే ఫైలుగా చేసి, మేస్త్రీ పేరొక్కటే పెట్టి దాచమన్నది ఈ మేనేజరే. పేరు కొడితే రాదని ఆయనకు నాకంటే బాగా తెలుసు.

ఆయన భోజనానికి పోగానే మెట్ల మీద కూర్చున్న ఆమెను లోపలికి పిలిచాను.

"ఎవరి గుంపుల పోయిండక్కా?"

మేస్త్రీ పేరు చెప్పి, నేను వెతుకుతుంటే తను వచ్చిన పనేదో చెప్పింది. "నాకు పైసలద్దు మేడం. ఆయన ఫోటువ గావాలె. పెండ్లి ఫోటువ వానలకు గోడ కూలి మట్టిల వాయె. మీసేవల ఆధారు అడిగితె, ఫోనుకు నంబరొస్తది చెప్పుమన్నరు. ఆ ఫోను ఆయనతోనె వాయె. పెద్దలకు వెట్టేనాడు పిల్ల అడుగుతది, నాయిన ఏడి, ఎవలికి మొక్కాలె అని. ఇంకా బడికి గూడ పోలె అది. దానికి నాయిన మొఖం యాదికి లేదు."

ఫైలు తెరుచుకుంది. పేజీ తర్వాత పేజీ, ప్రతి ఆధార్ మీదా ఫోటో ఉండాల్సిన చోట నల్లటి చదరం. పేర్లు ఒక్కొక్కటే పైకి చదువుతూ పోయాను. ఒక పేరు దగ్గర ఆమె నా భుజం పట్టుకుంది.

"ఏడి? ఏడున్నడు?"

"గిదేనక్కా. పేరు గిదే, ఊరు గిదే."

ఆమె ఆ నల్లటి చదరం వైపే చూసింది. తెర మీద మసి పట్టిందనుకుందేమో, కొంగుతో తుడిచింది. ఇంకొంచెం గట్టిగా తుడిచింది. నేను వెలుతురు పెంచాను, తగ్గించాను, పెద్దది చేశాను. పెద్దది చేసిన కొద్దీ నలుపే పెద్దదైంది. అసలు జిరాక్సు ఎప్పుడో తూకానికి పోయిందని చెప్పలేక చెప్పాను. మేనేజరును లోలోపలే తిట్టుకున్నాను. ఆమె మాత్రం ఎవరినీ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

పక్కనున్న అక్షరాలు మాత్రం అద్దంలా ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, ఊరు, ఒక్క గీత కూడా చెరగలేదు. ఆమెకు చదువు రాదు.

"మరి గిండ్ల ఏమున్నది మేడం?" అంది చివరికి.

"పేరున్నదక్కా. మంచిగ కనవడుతుంది."

"గదన్న ఇయ్యి. అద్దం కట్టిచ్చి గోడకు వెడత. పిల్లకు సూపెట్టనీకి ఏదో ఒకటుండాలె."

పేరొక్కటే కత్తిరించి, కాగితం నిండా వచ్చేలా పెద్దది చేసి ప్రింటు తీశాను. ఆమె ఆ కాగితాన్ని రెండు చేతులతో అందుకుంది. నలగకుండా గుండెకు ఆనించుకుని గడప దాకా పోయింది. అక్కడ ఆగి, కాగితాన్ని ఇటు తిప్పి చూసింది, అటు తిప్పి చూసింది. తిరిగి వచ్చి నా బల్ల మీద పెట్టింది.

"మేడం, గిది ఏ దిక్కు మీదికుంటది?"

ఎర్ర పెన్ను తీసి, కాగితం పైభాగాన, పేరుకు సరిగ్గా నడుమ ఒక బొట్టు పెట్టాను.

"గీ బొట్టు మీదికి రావాలె అక్కా" అన్నాను.

ఆమె బొట్టు మీద వేలు పెట్టి చూసుకుని, అది పైకే ఉండేలా పట్టుకుని బయటికి నడిచింది.