హైమక్క లాప్‌టాప్‌కి దిష్టి

మా అంబాజీపేటలో పెళ్ళి వీడియోలు తీసేవాడు వీధికొకడున్నాడు. తీసినవాటిని కూర్చుని మిక్సింగ్ చేసే మనిషి మాత్రం, నాకు తెలిసి, మా ఎదురింటి హైమక్క ఒక్కతే. కుట్టుమిషను బల్ల మీద పాత లాప్‌టాప్ పెట్టుకుని, తలంబ్రాల పక్కన అప్పగింతలు అతికిస్తుంది. చివర్లో మాత్రం ‘సుధాకర్ డిజిటల్స్’ అని బంగారు అక్షరాలు గిరగిరా తిరుగుతాయి. ఆమె పేరు ఎక్కడా ఉండదు. ఆ సుధాకర్‌కి మౌసు పట్టుకోవడం కూడా సరిగ్గా రాదు.

ఆ రోజు పొద్దున్నే గాలికి కొబ్బరి మట్ట తెగి కరెంటు తీగల మీద పడింది. లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, ఛార్జరు మీదే బతుకుతోంది. ఠక్కున ఆరిపోయింది. కరెంటు వచ్చాక ఆన్ చేస్తే నత్తనడక. పెళ్ళికూతురు పోసిన తలంబ్రాలు పెళ్ళికొడుకు నెత్తిన పడకుండా గాల్లోనే ఆగిపోతున్నాయి. మర్నాడే పదహారు రోజుల పండగ. ఆ వీడియో టీవీలో వేస్తామని పెళ్ళివారు చుట్టాలందరికీ చెప్పుకున్నారు.

సుధాకర్ ఫోన్ చేశాడు.

“ఏంటండీ హైమగారూ, ఇంకా అవ్వలేదా? సాయంత్రానికి ఇవ్వకపోతే రాజమండ్రిలో ఇచ్చేస్తానండి. ఇకమీదట పనులన్నీ అక్కడికే. ఆడవాళ్ళతో పెట్టుకుంటే ఇంతేనండి.”

“మట్ట పడినా ఆడవాళ్ళదే తప్పాండీ?” అని ఫోన్ పెట్టేసి, నన్ను కేకేసింది. “ఒరే విష్ణూ, ఇంజనీరింగ్ చదివావు కదా, చూడరా.”

మానేశానని ఊరంతటికీ తెలుసు. నన్ను తిట్టేటప్పుడు మానేసినవాణ్ణి, ఏదైనా పాడైతే మాత్రం ఇంజనీర్ని.

డిస్కు చెక్ చేశాను, బాగానే ఉంది. చెత్త ఫైళ్ళు తీసేశాను. అడుగు విప్పి ఫ్యాను దుమ్ము దులిపాను. ఏం చేసినా వేగం పైకి లేవదు.

“మదర్‌బోర్డు పోయిందేమో అక్కా.”

“ఏమో ఏంట్రా? పోయిందో లేదో చెప్పు. ఏమోలు చెప్పడానికి ఊళ్ళో చాలామంది ఉన్నారు.”

నాకూ ఒళ్ళు మండింది. ఆపేసి మళ్ళీ ఆన్ చేశాను. నల్లటి తెర మీద ఇంగ్లీషులో రెండు ముక్కలు వచ్చాయి. అక్క వేలు ఎంటర్ మీదికి పోయింది. ఆపాను.

“ఏంటది?”

“పొద్దున్నుంచీ వస్తోందిరా. ఎంటర్ కొడితే పోతోంది.”

చదివాను. ఛార్జరు ఏ రకమో తెలియడం లేదట, అందుకని నెమ్మదిగానే నడుస్తుందట. పిన్ను పీకి చూస్తే దాని నోటి నిండా గంధం, పైన కుంకుమ. ఛార్జరు ఏ రకమో లాప్‌టాప్‌కి చెప్పే లోపలి సన్నటి సూది కనబడడం లేదు.

ఇద్దరం గుమ్మం వైపు తిరిగాం. అక్కడ హైమక్క అత్తగారు సీతారామలక్ష్మి మామ్మగారు నిలబడి ఉన్నారు.

“పొద్దున కరెంటు పోయినప్పుడు, మళ్ళీ వచ్చేటప్పుడు ఎక్కువొస్తుందని అమ్మాయి అది పీకి బల్ల మీద పడేసింది. నేనే బొట్టు పెట్టానురా. అన్నేసి పెళ్ళిళ్ళు చూస్తుందా, దానికి దిష్టి తగలదూ?”

హైమక్క ముఖం కందగడ్డలా అయింది. పళ్ళు బిగబట్టి, ఛార్జరు గోడ నుంచి తీసేసి, చీపురుపుల్లకి స్పిరిట్ గుడ్డ చుట్టి పిన్ను లోపల తుడిచింది. ఆరనిచ్చి పెట్టింది. ఈసారి నల్ల తెర రాలేదు. తలంబ్రాలు జలజలా రాలాయి.

సాయంత్రం సుధాకర్ బండేసుకుని వచ్చాడు. చివరిదాకా చూశాడు. బంగారు అక్షరాల కన్నా ముందు ‘మిక్సింగ్: హైమ’ అని వచ్చింది.

“ఇదేంటండీ?”

“నా పేరండి. వద్దనుకుంటే రాజమండ్రి పట్టుకెళ్ళి తీయించుకోండి. పండగ రేపేగా!”

సుధాకర్ పెన్‌డ్రైవు జేబులో వేసుకుని వెళ్ళాడు. అతని బండి మలుపు తిరక్కముందే మామ్మగారు కుంకుమ భరిణెతో గదిలోకి వచ్చారు.

“అత్తయ్యా! లాప్‌టాప్ మూత మీద ఎన్నయినా పెట్టుకోండి. పిన్ను జోలికొస్తే మాత్రం ఊరుకోను.”