కంప్లైంటు లేని కారు

కేకులావిడ మొగుడికి కారంటే ప్రాణం. కారు కొనుక్కున్నవాళ్ళందరికీ ఎంతో కొంత మమకారం ఉంటుంది, కాదనం. ఈయనది మాత్రం చాదస్తం. కొన్ననాటి ప్లాస్టిక్ తొడుగులు సీట్ల మీద నుంచి ఇప్పటికీ తియ్యలేదు. ఎండాకాలం అవి వీపుకి అతుక్కుపోయి చర్మం లేచొస్తున్నా సరే, తియ్యడు. సర్వీసుకి తీసుకెళ్ళిన ప్రతిసారీ, ఏమైనా ఇబ్బందులున్నాయా అని వాళ్ళడగడమే ఆలస్యం, క్లాసులో ఫస్టొచ్చిన కొడుకు గురించి చెబుతున్నట్టు ఛాతీ విరుచుకుని, “ఏ కంప్లైంటూ లేదు, రాసుకోండి” అనేవాడు. బాగా నడుస్తున్న బండిని పరాయివాళ్ళ చేత విప్పిస్తే చెడగొడతారని ఆయన భయం.

ఆవిడ ఇంటి వెనక గదిలో రెండు ఓవెన్లు పెట్టుకుని కేకులు చేసి అమ్ముతుంది. ఆవిడకీ లైసెన్సు ఉంది, నడపడమూ వచ్చు. అయినా కేకు ఎక్కడికి చేర్చాలన్నా నీళ్ళ పంపుల ఆఫీసు నుంచి ఆయన వచ్చేదాకా కాచుకోవాల్సిందే. ఆయన ముందు కూర్చుని నడుపుతాడు, ఈవిడ వెనక సీట్లో కేకు పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది.

ఈ వెనక సీటు బతుక్కి కారణం ఒక్క రోజు. ఎనిమిది నెలల కిందట ఆయనకి జ్వరమొస్తే, విధిలేక తాళాలు ఈవిడ చేతికిచ్చాడు. సిగ్నల్ దగ్గర ఆగి మళ్ళీ కదిలేటప్పుడు ఎవరో వెనక నుంచి గుద్దినట్టు కారు ఒక్క కుదుపు కుదిపింది. కేకు పై అంతస్తు పక్కకి జారి పెట్టెకి అంటుకుపోయింది. ఇంటికొచ్చి చెబితే, దుప్పటి ముసుగులోంచే ఆయన తీర్పు చెప్పేశాడు. “ఆడలేక మద్దెల ఓడందిట. తొక్కడం రాక బండి మీద పెడతావేం?”

అది ఆటోమేటిక్ కారు. క్లచ్ లేదు, గేర్లు మార్చే పని లేదు, తొక్కడంలో తప్పు చెయ్యడానికి అసలేముందని ఆవిడ వాదించింది. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. పదిమందిలోనూ అదే కథ నవ్వుతూ చెప్పాడు. వినగా వినగా ఆవిడకీ అనుమానం పట్టుకుంది, తప్పు తన కాలిదేనేమోనని. మళ్ళీ స్టీరింగు ముట్టుకోలేదు. తర్వాత ఆయన నడిపేటప్పుడూ ఆ కుదుపు ఒళ్ళోని పెట్టెకి తెలుస్తూనే ఉండేది. ఆయన రోడ్డుని తిట్టేవాడు. ఆవిడ నోరు మూసుకునేది.

ఈలోగా కాలేజీ క్యాంటీను నడిపే ఆవిడ రెండుసార్లు అడిగింది, రోజూ పొద్దున్నే బ్రెడ్డూ కేకులూ తెచ్చివ్వగలవా అని. ఆ టైముకి ఆయన ఆఫీసుకెళ్ళాలి, తనకేమో నడపడం రాదాయె. రెండుసార్లూ కుదరదంది. ఇప్పుడు మూడోసారి అడిగింది. శుక్రవారం లోపల చెప్పకపోతే ఇంకొకరిని చూసుకుంటానంది.

సరిగ్గా ఆ వారంలోనే, వారంటీ అయిపోయి నెలైనా తిరక్కుండా, కారు నడిరోడ్డు మీద ఆగిపోయింది. ఇంజను గర్జిస్తోంది, చక్రం తిరగదు. వెనక వాళ్ళు హారన్లు కొట్టి చంపుతున్నారు. ఆయన గేరు కడ్డీని ముందుకీ వెనక్కీ లాగుతూ దాన్ని బతిమాలుతున్నాడు. ఈవిడ మూడంతస్తుల కేకు రెండు చేతులా ఎత్తుకుని దిగి, ఎండలో నడుచుకుంటూ వెళ్ళి ఇచ్చొచ్చింది. క్రీము మోచేతుల దాకా కారింది.

సర్వీసు సెంటర్లో మర్యాదలకేం, లోటు లేదు. చల్లటి గది, చల్లటి నీళ్ళు. గేరుబాక్సు మొత్తం మార్చాలనీ, వారంటీ లేదు కాబట్టి ఖర్చంతా మీదేననీ మేనేజరు నవ్వుతూనే చెప్పాడు. ఇంత తక్కువ తిరిగిన బండికి ఇంత పెద్ద రోగమేమిటని ఆయన లేచాడు. పసిపిల్లలా చూసుకున్నానన్నాడు, తొడుగులు కూడా తియ్యలేదన్నాడు. సీటు తొడుగులకీ గేరుబాక్సుకీ సంబంధమేమిటో మేనేజరుకి అర్థం కాలేదు.

చివరికి బండి విప్పిన మెకానిక్కుని పిలిపించారు. అతను చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఈ రకం గేరుబాక్సులు చాలామందికి ఇలాగే పోయాయన్నాడు. ముందు చాన్నాళ్ళపాటు, బండి ఆగి కదిలేటప్పుడల్లా కుదుపిస్తాయట. ఆ కుదుపప్పుడే వచ్చి చెప్పినవాళ్ళకి వారంటీలో ఉచితంగా మార్చారట. మీకెప్పుడూ అలా అనిపించలేదా అని అడిగాడు.

మేనేజరు కంప్యూటర్లోకి చూసి, ఒక్కసారైనా చెప్పి ఉంటే కంపెనీకి రాసి ఏదో ఒకటి చేసేవాణ్ణనీ, మీరు వచ్చినప్పుడల్లా ఏ కంప్లైంటూ లేదన్నారనీ చదివి వినిపించాడు.

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. పోయిన గేరుబాక్సు గురించి కాదు. ఇన్నాళ్ళూ తన కాలిని తనే నమ్మకుండా చేసుకుంది. వచ్చిన పని కాలదన్నుకుంది. చెప్పేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది గానీ ఆపుకుంది. చెబితే ఆయనే చెప్పాలి, నలుగురిలో అన్న మాట నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి. కుర్చీ ఆయనవైపు తిప్పుకుని, రెప్ప వెయ్యకుండా చూస్తూ కూర్చుంది.

ఆయన ఏసీ వైపు చూశాడు, చెప్పుల వైపు చూశాడు. చూడ్డానికి ఇంకేమీ మిగలలేదు.

“ఈవిడ చెప్పింది,” అన్నాడు చివరికి. “ఎనిమిది నెలల కిందటే చెప్పింది. నేనే వినలేదు. నీకు నడపడం రాదన్నాను.”

మేనేజరు జాలిగానే చూశాడు. నోటి మాట చెల్లదనీ, అప్పట్లో నమోదు చేయించి ఉండాల్సిందనీ, తన చేతుల్లో ఏమీ లేదనీ అన్నాడు. ఆయన గట్టిగా మరో రెండుసార్లు చెప్పి చూశాడు. గోడకి చెప్పుకున్నట్టే అయింది.

బస్సు కోసం నిలబడ్డంతసేపూ ఆయన ఒకటే గొణుగుడు. మనిషన్నవాడు ఉన్నదున్నట్టు చెబుతుంటే నమ్మరేమిటి? అబద్ధమాడాల్సిన అవసరం నాకేముంది? ఏళ్ళ తరబడి తెలిసినవాణ్ణే ఇలా దొంగని చూసినట్టు చూస్తే ఎలా ఉంటుంది?

“నిజం చెబుతున్నా నమ్మకపోతే ఎంత కష్టంగా ఉంటుందో వాళ్ళకి తెలుసా?” అన్నాడు.

“వాళ్ళ సంగతేమో గానీ, నాకు తెలుసండీ,” అంది ఆవిడ.

ఆవిడ అక్కడే నిలబడి క్యాంటీను ఆవిడకి ఫోన్ చేసి, బండి బాగై వచ్చిన మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే తనే నడుపుకుంటూ తెచ్చిస్తానని చెప్పింది. ఆయన, కొత్త గేరుబాక్సు కదా, కాస్త మెల్లగా తొక్కమని అనబోయి, ఆవిడ మొహం చూసి మిగతాది మింగేశాడు.